వంటింటి తొట్టి: ఆగ్నెస్ పోకెల్స్

ఈ ఆదివారం తలస్నానానికి కుంకుడు రసం తీసినప్పుడు ఒక గ్లాసు నీళ్లలో కొంచెం కలిపి, స్ట్రాతో గాలి ఊదమని పిల్లలకు చెప్పండి. పక్కన ఇంకో గ్లాసులో ఉత్త మంచినీళ్లు పెట్టండి. మంచినీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, పైకి రాగానే పగిలిపోతాయి. కుంకుడు నీళ్లలో చిన్నవిగా, విడివిడిగా ఉండి, పైన నురగ కడతాయి. కుంకుడులోని సపోనిన్ బుడగ చుట్టూ పొరలా చేరి నీటి తలతన్యతను తగ్గిస్తుంది, బుడగలను కలవనివ్వదు. చిన్న బుడగ పైకెక్కే వేగం కూడా ఆ పొర వల్ల తగ్గుతుంది.

కంటికి కనపడని అలాంటి పొరలను కొలిచే దారి వంటింట్లో దొరికింది.

ఆగ్నెస్ పోకెల్స్ 1862లో వెనిస్‌లో పుట్టారు. ఆస్ట్రియా సైన్యంలో ఉన్న తండ్రి మలేరియాతో ఆరోగ్యం చెడి ఉద్యోగం మానేయడంతో, 1871లో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ చేరింది. ఆమెకు భౌతికశాస్త్రమంటే ప్రాణం. అప్పట్లో ఆడపిల్లలకు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లేదు. తర్వాత వీలు కలిగినా అమ్మానాన్నలే వద్దన్నారు. తమ్ముడు ఫ్రెడరిక్ గొట్టింగెన్‌లో భౌతికశాస్త్రం చదివాడు. అక్కకు పుస్తకాలు పంపేవాడు. వంట, జబ్బుపడిన పెద్దవాళ్ల సేవ ఆమె వంతు.

ఇరవై ఏళ్ల వయసులో 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రేకు తొట్టి తయారుచేసుకున్నారు. అంచుల దాకా నీళ్లు నింపి, అడ్డంగా పెట్టిన రేకుపట్టీని జరుపుతూ నీటిపై పరుచుకున్న జిడ్డు పొరను దగ్గరకు నెట్టేవారు. నీటికి అంటుకున్న చిన్న బిళ్లను లాగడానికి ఎంత బలం కావాలో త్రాసుతో తూచేవారు. పొర ఒక హద్దు దాటి ఇరుకైతే తలతన్యత ఒక్కసారిగా పడిపోతుందని గమనించారు.

దాదాపు పదేళ్లు అది ఇంటి గడప దాటలేదు. 1891 జనవరిలో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి జర్మన్‌లో ఉత్తరం రాశారు. ఆయన భార్య దాన్ని అనువదించారు. రేలీ కూడా అప్పుడు ఇదే విషయంపై పనిచేస్తున్నారు. ఆయన నేచర్ పత్రికకు పంపి, మార్చి 12న ఆమె పేరుతోనే అచ్చు వేయించారు. పెద్దమనిషి అంటే ఆయనే.

ఆ తొట్టినే మెరుగుపరిచి వాడిన అమెరికా శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్‌కు ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి 1932లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆగ్నెస్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఆమెకు 70 ఏళ్లు. పుస్తకాలు పంపిన తమ్ముడు 1913లోనే పోయాడు.