ఫాదర్ డేవిడ్ బౌయర్ గారి చరిత్రము

గెలిచినవారి చరిత్రము వ్రాయుట సులభము. వారి పేళ్లు ముందే పతకములమీద చెక్కబడి యుండును. నాలుగవ స్థానము నొందిన యొక జట్టును గూర్చియు, దానిని నడిపిన యొక గురువును గూర్చియు వ్రాయబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. అయినను ఆటస్థలమున నేర్వదగిన పాఠములలో మిక్కిలి కష్టమైనదానిని ఆ గురువు తన జట్టువారికి, వారిద్వారా లోకమునకును నేర్పెను. కావున ఆయన జీవితమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

డేవిడ్ బౌయర్ 1924వ సంవత్సరము నవంబరు 2వ తేదీని కెనడా దేశమందలి ఒంటారియో రాష్ట్రములో వాటర్లూ అను పట్టణమున జన్మించెను. ఆ దేశమున చలికాలము మిక్కిలి దీర్ఘమైనది. చెఱువులును కుంటలును గడ్డకట్టి రాతినేలవలె నగును. అచ్చటి బాలురు అడుగున ఉక్కు అంచుగల స్కేట్లు తొడిగికొని, ఆ మంచుపై జాఱుచు హాకీ ఆడుదురు. మన మెఱిగిన హాకీలో పక్షమునకు పదునొకండుగురుండగా ఇందు ఆర్గురే యుందురు. బంతికి మాఱుగా పక్ అను గట్టి రబ్బరు బిళ్ల యుండును. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములుగా ఆట సాగును. ఆటగాండ్రు మిక్కిలి వేగముతో పోవుచు ఒకరినొకరు ఢీకొనుట ఈ ఆటలో సామాన్యము. కావున కోపము రేగుటకును, కోపము కలహముగా మాఱుటకును ఇందు అవకాశ మెక్కువ.

బౌయరు గారి యన్న బాబీ బోస్టన్ బ్రూయిన్సు అను జీతపు జట్టులో ఆడి గొప్ప కీర్తి గడించెను. తమ్ముడును ఆటలో తక్కువవాడు కాడు. 1944లో ఓషావా జనరల్సు జట్టుతో కూడి, యువకుల జట్లకు ఆ దేశమున పరమావధియైన మెమోరియల్ కప్పును గెలుచుకొనెను. అన్న నడచిన త్రోవ ఆయన యెదుటను తెఱచియుండెను. కాని ఆయన మనస్సు దైవసేవవైపు మరలెను. విద్యాబోధనమే ముఖ్యకార్యముగా గల బసీలియను గురువుల సభలో చేరి, 1953లో కతోలిక సంఘమున గురుపట్టము పొందెను.

తాను బాల్యమున చదివిన టొరాంటో నగరపు సెయింట్ మైకేల్సు పాఠశాలకే ఆయన ఉపాధ్యాయుడుగా వచ్చెను. పగలు పాఠములు చెప్పుచు, తీరికవేళ జట్టును తీర్చిదిద్దుచుండెను. 1961లో ఆ పాఠశాల జట్టు మెమోరియల్ కప్పును గెలిచెను. అంతటి జయము లభించిన పాఠశాల మఱుసటి యేడు మఱింత యుత్సాహముతో ఆడునని యెవరైన తలంతురు. జరిగినది వేఱు. ఆ పెద్ద పోటీల పందెములు సంఖ్యలో పెరిగి, బాలుర చదువుకు భంగము కలిగించుచున్నవని పాఠశాలవారు ఆ పోటీలనుండి తమ జట్టును విరమింపజేసిరి. ఆట విద్యలో భాగమై యుండవలెనే కాని విద్యను మ్రింగివేయరాదని బౌయరు గారు తన జీవితమంతయు నమ్మెను.

ఆ పిమ్మట ఆయన దేశపు పశ్చిమతీరమున వాంకూవరు నగరమందలి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు చేరిన సెయింట్ మార్క్సు కళాశాలకు మార్చబడెను. అచ్చట ఆయనకు ఒక క్రొత్త ఆలోచన కలిగెను. అంతవఱకు ఒలింపిక్ క్రీడలకు కెనడా ఏదో యొక క్లబ్బు జట్టును పంపుచుండెను. దేశములోని మేటి ఆటగాండ్రు జీతములకు ఆడువారు. వారికి ఆ క్రీడలలో అప్పుడు ప్రవేశము లేదు. 1952లో కెనడా బంగారు పతకము గెలిచెను. 1956లో రష్యావారును, 1960లో అమెరికావారును దానిని తీసికొనిపోయిరి. చదువుకొనుచున్న యువకులను దేశము నలుమూలలనుండి యేఱి, ఒకచోట నుంచి, చదువును ఆటను కలిపి నేర్పి, దేశము పేర ఒక జట్టును నిలుపవలెనని బౌయరు గారు హాకీ సంఘమువారిని కోరెను. వారు సమ్మతించిరి. జీతపు జట్లలో చేరగల సామర్థ్యముండియు కొందఱు యువకులు ఆ యాశను విడిచి వచ్చిరి. వారు విశ్వవిద్యాలయములో చదువుచు, కలసి నివసించుచు, ఆయనయొద్ద శిక్షణ పొందిరి.

1964వ సంవత్సరము జనవరి 29 మొదలు ఫిబ్రవరి 9 వఱకు ఆస్ట్రియా దేశమునందలి ఇన్స్‌బ్రుక్ నగరమున శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను. మన భారతదేశము శీతకాలపు క్రీడలలో మొదట పాల్గొన్నదియు అక్కడనే. జెరెమీ బుజకౌస్కీ అను ఆయన మన దేశము తరఫున మంచుకొండపై జాఱు పందెములలో పోటీ చేసెను. హాకీలో పతకములకై యెనిమిది దేశముల జట్లు పోరాడెను. ఒక్కొక్క జట్టు తక్కిన యేడింటితోను ఆడవలెను. బౌయరు గారి విద్యార్థులు మొదట స్విట్జర్లాండును 8-0 గా గెలిచిరి. రెండవ పందెము స్వీడనుతో జరిగెను.

ఆ పందెమున స్వీడను ఆటగాడైన ఒబెర్గ్ చేతికఱ్ఱ విఱిగెను. ఆ విఱిగిన కఱ్ఱ కెనడావారు కూర్చున్న బల్లవైపు విసరుగా వచ్చి బౌయరు గారి ముఖమునకు తగిలెను. నెత్తురు కాఱెను. తమ గురువునకు దెబ్బ తగులుట చూచి యువకులందఱును ఒక్కపెట్టున లేచిరి. ఒక్క క్షణము జాగైనను వారు మంచుపైకి దుమికియుందురు. కలహమునకు అంతముండెడిది కాదు. కాని దెబ్బతిన్న గురువే వారి నడ్డగించెను. ఎవ్వరును బల్లను విడువరాదని గట్టిగా ఆజ్ఞాపించెను. వారు కూర్చుండిరి. ఆట సాగెను. కెనడా 3-1 గా గెలిచెను.

అంతటితో ఆయన తృప్తి పొందలేదు. మఱునాడు మఱియొక పందెము చూచుటకు ఆ ఒబెర్గునే పిలిచి తన ప్రక్కను కూర్చుండబెట్టుకొనెను. వేలకొలది జనము చూచుచుండగా గాయపడినవాడును, ఆ గాయమునకు కారణమైనవాడును స్నేహితులవలె ప్రక్కప్రక్కను కూర్చుండిరి. పర్వతప్రసంగమును మనము ప్రతి సంవత్సరము తరగతిలో చదువుచున్నాము, కంఠస్థము చేయుచున్నాము. దానిని అప్పటికప్పుడు, నెత్తురు ఆఱకముందే, ఆచరణలో పెట్టుట యెంత కష్టమో మనలో ప్రతివాడు ఎఱుగును. ఆ క్రీడలలో బౌయరు గారి సత్ప్రవర్తనకుగాను ఆయనకు ప్రత్యేకముగా ఒక బంగారు పతకము నిచ్చిరి.

జట్టుకు మాత్రము పతకము దక్కలేదు. వారు జర్మనీని 4-2 గాను, అమెరికాను 8-6 గాను, ఫిన్లాండును 6-2 గాను గెలిచిరి. చెకొస్లోవేకియాతో ఆడుచుండగా వారి గోలుకీపరు గాయపడెను. ఆ పందెము 1-3 గా పోయెను. చివరి దినమున రష్యాతో సమానముగా పోరాడి 2-3 గా ఓడిరి. ఏడింట అయిదు గెలుపులు, రెండు ఓటములు. స్వీడనుకును చెకొస్లోవేకియాకును అదే లెక్క. మొదటి నాలుగు జట్లు తమలో తాము ఆడిన పందెములను మాత్రమే లెక్కించినచో మూడవ స్థానము కెనడాదే. కాని యేడు పందెముల గోలులను లెక్కించినందున వారు నాలుగవవారైరి. ఆ నిర్ణయము వారిని మిక్కిలి బాధించెను. అన్యాయము జరిగినదని తలంచినవారు అప్పుడును ఉండిరి, పిమ్మటను ఉండిరి.

కఱ్ఱదెబ్బను సహించుటకంటె లెక్కదెబ్బను సహించుట కష్టతరమని మాకు తోచుచున్నది. గాయము నాలుగు దినములలో మానును. చేతికందిన ఫలము జాఱిపోయిన బాధ యేండ్లకొలది నిలుచును. అయినను బౌయరు గారు తన పనిని విడువలేదు. 1968లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున జరిగిన క్రీడలలో ఆయన స్థాపించిన జట్టు కంచు పతకము పొందెను. తరువాత కెనడాకును అంతర్జాతీయ హాకీ సంఘమునకును జీతపు ఆటగాండ్ర విషయమై తగవు కలిగి, 1970లో కెనడా ఆ పోటీలనుండి తొలగెను. 1972, 1976 ఒలింపిక్ హాకీలలో ఆ దేశమే లేదు. ఆయన కట్టిన యిల్లు కూలినట్లే యుండెను. 1980లో లేక్ ప్లాసిడ్ నగరమునకు మరల జట్టు పోయినపుడు దాని నిర్వహణలో ఆయన యుండెను. ఆ జట్టు ఆఱవ స్థానము పొందెను. 1964లో ఆడిన టెర్రీ ఒమాలీ తన ముప్పదితొమ్మిదవ యేట ఆ జట్టులో మరల ఆడుట, గురువునందు శిష్యులకు గల ప్రేమకు సాక్ష్యము. ఆ ఒమాలీయు, అతని తోడి ఆటగాడు బారీ మెకెంజీయు పిమ్మట విద్యాలయమున చేరి బాలురకు విద్యను ఆటను నేర్పిరి.

ఫాదర్ బౌయర్ 1988వ సంవత్సరము నవంబరు 9వ తేదీని పరమపదించెను. కాల్గరీ నగరమందలి యొక హాకీ మందిరము ఆయన పేరు వహించియున్నది. 1989లో హాకీ ప్రముఖుల మందిరమున ఆయన పేరు చేర్చబడెను.

విద్యార్థులారా, మీలో కొందఱు పందెములు గెలుతురు, అనేకులు ఓడుదురు. అంపైరు తీర్పు మీకు విరోధముగా వచ్చును. ఎదుటివాని కఱ్ఱ మీ కాలికి తగులును. అప్పుడు లేచి దుముకుట యెవరికైనను చేతనగును. కూర్చుండుటకే బలము కావలెను. తలిదండ్రులకును మా విన్నప మొకటి కలదు. బాలుడు ఆటనుండి యింటికి వచ్చినపుడు గెలిచితివా యని మాత్రమే యడుగక, ఎట్లాడితివని కూడ అడుగుడు. ఇన్స్‌బ్రుక్ నగరమున కెనడా యువకులు పతకము లేకయే యిల్లు చేరిరి. వారు వట్టిచేతులతో వచ్చిరని మాత్రము మేము తలంపజాలము.