మార్లవాయికి వచ్చిన కెమెరా

దీపావళి దగ్గర పడితే మన ఆదిలాబాద్ గూడేల్లో దండారి షురూ అయితది. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, చేతిలో కర్రతో గుస్సాడీలు ఊరూరూ తిరుగుతారు. ఇప్పుడు ప్రతి ఫోన్‌లో కనిపించే ఆ ఆటను ఎనభై ఏండ్ల కిందనే ఫొటోల్లోకి ఎక్కించిన మనిషి హైమన్‌డార్ఫ్.

1909లో వియన్నాలో పుట్టారు. చదివింది ఆంథ్రోపాలజీ. 1939లో ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. జేబులో జర్మన్ పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటొద్దని కట్టడి చేశారు. అట్లా భార్య బెట్టీతో కలిసి మొదట చెంచుల దగ్గరికి, తర్వాత గోండుల దగ్గరికి చేరారు.

1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగారు. గోండుల కడుపుమంట ఏందో తెలుసుకునే పని నిజాం సర్కారు ఈయనకు అప్పజెప్పింది. రిపోర్టు రాసి వెళ్లిపోలేదు. మార్లవాయిలో గుడిసెలో ఉండి గోండీ నేర్చుకున్నారు. 1943లో అక్కడే టీచర్ల ట్రైనింగ్ మొదలైంది, గోండీ వాచకాలు వచ్చాయి. తర్వాత లక్ష ఎకరాలకు పైగా భూమి ఆదివాసుల చేతికొచ్చింది.

దండారి ఒక్కరి ఆట కాదు. గోండులు, కోలాములు ఆడతారు, పర్ధాన్లు, తోటీలు వాయిస్తారు. గోండుల పురాణాలు పర్ధాన్ల నోటనే బతికాయి. వాళ్లు చెప్పారు, ఈయన రాసుకున్నారు, బెట్టీ పక్కన ఉండి పనిలో సగం మోశారు. 1948లో వచ్చిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' వెనక ఇంతమంది ఉన్నారు.

తర్వాత లండన్‌లోని సోయస్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ఆయన ఫొటోలు, ఫిల్ములు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. 1987లో బెట్టీ హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. 2012లో చితాభస్మం తెచ్చి బెట్టీ పక్కన పెట్టారు. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది.

రేపు మనలో ఎవరో సెన్సార్లు, త్రీడీ కెమెరాలు పట్టుకుని గుస్సాడీ అడుగులు రికార్డు చేయడానికి పోతారు. మంచిదే. పోయేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: ఆ ఊళ్లో ఎన్ని రోజులు ఉంటాం? ఆ ఫైల్ చివరికి ఎవరి దగ్గర ఉంటది?