మూలకాలకు అసలు నంబర్లు ఇచ్చిన మోస్లే

కోబాల్ట్ 27, నికెల్ 28. పోటీ పరీక్షల్లో ఇలాంటి బిట్‌కి చకచకా టిక్ పెట్టేస్తాం. కానీ ఒక్కసారి పరమాణు భారాలు చూడండి. కోబాల్ట్‌ది 58.93, నికెల్‌ది 58.69. బరువు ప్రకారం పేరిస్తే నికెలే ముందు రావాలి కదా! ఈ చిక్కుముడి విప్పినవాడు హెన్రీ మోస్లే. అప్పటికి అతని వయసు పాతికేళ్లే.

1887లో ఇంగ్లండ్‌లోని వేమత్‌లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. కొడుక్కి నాలుగేళ్లు నిండకముందే ఆయన చనిపోయారు. మోస్లే కూడా ఆక్స్‌ఫర్డ్‌లోనే చదివి, 1910లో ఫిజిక్స్ డిగ్రీ అందుకున్నాడు. వచ్చింది సెకండ్ క్లాస్. అయినా అదే ఏడాది మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు. స్టూడెంట్స్‌కి ల్యాబ్ పాఠాలు చెబుతూనే రీసెర్చ్ మొదలుపెట్టాడు.

1913లో అతను చేసిన ప్రయోగం ఇదీ. ఒక్కో మూలకాన్ని ఎలక్ట్రాన్లతో ఢీకొట్టించి, వెలువడే ఎక్స్-కిరణాల ఫ్రీక్వెన్సీ లెక్కగట్టాడు. ఆ ఫ్రీక్వెన్సీకి వర్గమూలం తీస్తే, ఒక మూలకం నుంచి పక్కదానికి మెట్లెక్కినట్టు సమానంగా పెరుగుతోంది! బరువుల్లో ఈ పద్ధతి లేదు. అంటే వరుసను తేల్చేది బరువు కాదు, కేంద్రకంలోని ధనావేశం. అదే పరమాణు సంఖ్య. ఇప్పుడు మనం ప్రోటాన్ల సంఖ్య అంటున్నది దీన్నే. ఆ లెక్కలో కోబాల్ట్ 27వ మెట్టు, నికెల్ 28వది.

మరి నికెల్ బరువు ఎందుకు తగ్గింది? 1932లో న్యూట్రాన్ బయటపడ్డాక దీనికి పూర్తి జవాబు దొరికింది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపితే ద్రవ్యరాశి సంఖ్య. ప్రకృతిలో దొరికే కోబాల్ట్‌లో 27 ప్రోటాన్లు, 32 న్యూట్రాన్లు.. మొత్తం 59. నికెల్‌కి 5 స్థిర ఐసోటోపులున్నాయి. అన్నింటిలోనూ ప్రోటాన్లు 28, న్యూట్రాన్లే వేరు. వాటిలో ఎక్కువగా దొరికేది 58 ద్రవ్యరాశి సంఖ్య ఉన్నది. అందుకే సగటు కిందికి దిగింది.

మోస్లే మెట్ల వరుసలో 43, 61, 75 ఖాళీగా మిగిలాయి. అక్కడ ఇంకా దొరకని మూలకాలున్నాయని 1914లో చెప్పాడు. 75 (రీనియం) 1925లో, 43 (టెక్నీషియం) 1937లో, 61 (ప్రొమీథియం) 1945లో దొరికాయి. అవి చూడటానికి అతను లేడు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే సమయానికి సైన్స్ సదస్సు కోసం ఆస్ట్రేలియా వెళ్లాడు. తిరిగొచ్చి సైన్యంలో చేరాడు. 1915 ఆగస్టు 10న టర్కీలోని గల్లిపోలిలో తూటా తగిలి చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు. ఇలాంటి శాస్త్రవేత్తను యుద్ధరంగానికి పంపడమేంటని రూథర్‌ఫర్డ్ బహిరంగంగానే తప్పుపట్టారు.

డిగ్రీ అయ్యాక రీసెర్చ్‌కి అతనికి దక్కింది నాలుగేళ్లే. సెకండ్ క్లాస్ సంగతి ఇవాళ ఎవరికీ పట్టదు. అతను ఖాయం చేసిన నంబర్లు మాత్రం ప్రతి కెమిస్ట్రీ ల్యాబ్ గోడ మీదా ఉన్నాయి.