క్షణాన్ని కొలిచే విద్యను మన చేతికందించిన డాక్టర్ ఎ.ఎస్. రావు

మన సంఘ సభ్యులలో చాలామంది ఉద్యోగకాలంలో ఎన్నికల విధులకు వెళ్ళినవారే. బ్యాలెట్ పెట్టెలు పట్టుకుని వింజమూరు, ఉదయగిరి ప్రాంతాల కొండవార గ్రామాలకు చేరి, లాంతరు వెలుగులో కాగితాలు నింపినవారే. ఆ పెట్టెల స్థానంలో తరువాత ఓటింగు యంత్రాలు వచ్చాయి. వాటిని తయారుచేసే రెండు ప్రభుత్వరంగ సంస్థలలో ఒకటి హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. ఒకప్పుడు మన ఇళ్ళలో వార్తలు వినిపించిన ఇ.సి. టీవీ కూడా అక్కడిదే. ఆ సంస్థను తీర్చిదిద్దిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి జీవితం మన పిల్లలకు, మనుమలకు తెలియవలసినది.

రావుగారు 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లు గ్రామంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివారు. 1946లో టాటా స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్ళి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించారు. ఆయనకు ముందు అక్కడే చదువుకున్న హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు యువకులు 1939లో ఒక కారు షెడ్డులో కొలత పరికరాల తయారీ మొదలుపెట్టారు. కొలిచే పరికరాన్ని సొంతంగా చేసుకోగలిగినవాడే మిగతా వస్తువులను నమ్మకంగా చేయగలడన్న సత్యానికి ఆ సంస్థ ఎదుగుదల నిదర్శనం. రావుగారి జీవితం కూడా ఆ సత్యం చుట్టూనే తిరిగింది.

స్వదేశానికి వచ్చి ఆయన బొంబాయిలో హోమీ భాభా నెలకొల్పిన టాటా పరిశోధన సంస్థలో చేరారు. విశ్వకిరణాల పరిశోధనకైనా, అణు రియాక్టరుకైనా ఎలక్ట్రానిక్ పరికరాలే కళ్ళు, చెవులు. ఒక కణం వచ్చి తాకితే పరికరంలో ఒక చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. దానిని లెక్కించాలి. ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పగలగాలి. ఈ కాలం లెక్క నానోసెకన్లలో ఉంటుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. అంత వ్యవధిలో కాంతి కూడా ఒక అడుగు దూరమే వెళుతుంది.

ఇక్కడే ఎలక్ట్రానిక్స్ నిపుణులకు నిద్రపట్టనివ్వని చిక్కు ఒకటుంది. దానిని జిట్టర్ అంటారు. అంటే కాలంలో తడబాటు. పింఛను సొమ్ము ఒక నెల ఒకటో తేదీన, ఒక నెల మూడున, మరో నెల అయిదున పడిందనుకోండి. సొమ్ము తగ్గలేదు, కానీ ఇంటి లెక్క తప్పుతుంది. విద్యుత్ స్పందన విషయంలోనూ అంతే.

ఈ తడబాటు ఎందుకు వస్తుందో మన చెరువును చూస్తే తెలుస్తుంది. నీరు నెమ్మదిగా పెరుగుతుంటే, పైన అలలు కదులుతుంటే, కలుజు మట్టాన్ని సరిగ్గా ఏ క్షణాన తాకిందో చెప్పలేము. వాగు పొంగి నీరు ఒక్కసారిగా లేస్తే సందేహం ఉండదు. విద్యుత్తులో ఆ అలల పేరు నాయిస్. నీరు లేచినట్లు పైకి లేచే భాగం స్పందన అంచు. అంచు ఎంత నిటారుగా లేస్తే తడబాటు అంత తగ్గుతుంది. అంచు వేగం రెట్టింపయితే, అలలు అంతే ఉన్నప్పుడు, తడబాటు సగమవుతుంది.

మరి అంత వేగమైన అంచును చూడడమెలా? 1960 ప్రాంతంలో హ్యూలెట్ ప్యాకార్డ్, టెక్‌ట్రానిక్స్ సంస్థలు శాంప్లింగ్ ఆసిలోస్కోపులను మార్కెట్లోకి తెచ్చాయి. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తాము కదా. ఈ యంత్రం పని కూడా అటువంటిదే. ఒకే రకం స్పందన మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ప్రతిసారీ ఒక్క బిందువునే, వెనుకటికంటే కొంచెం ఆలస్యంగా పట్టుకుంటుంది. ఆ బిందువులన్నీ కలిపి బొమ్మ గీస్తుంది. పట్టే క్షణం తడబడితే బొమ్మ అలుక్కుపోతుంది. అటువంటి బొమ్మలను సగటు చేస్తే గీత నున్నగా కనబడుతుంది గానీ, అంచు ఉన్నదానికంటే నిదానమైనదిగా తోస్తుంది. అందుకే యంత్రాన్ని మేల్కొలిపే ట్రిగ్గర్ సంకేతమే పదునుగా ఉండాలి. దీనికి టన్నెల్ డయోడు చక్కగా ఉపయోగపడింది. దానితో పనిచేసే టెక్‌ట్రానిక్స్ 284 పల్స్ జనరేటరు అంచు 70 పికోసెకన్లలో లేస్తుంది. ఆ వ్యవధిలో కాంతి వెళ్ళేది రెండు సెంటీమీటర్లే. ఆ పాత యంత్రాలకు నేటికీ అభిమానులున్నారు. ముందుగా కాసేపు వేడెక్కనిచ్చి, శుభ్రమైన ట్రిగ్గర్ ఇస్తే ఇప్పటికీ నమ్మకంగా కొలుస్తాయి. పదవీ విరమణ చేసినంత మాత్రాన పనితనం పోదనడానికి అవే సాక్ష్యం!

అయితే ఇటువంటి పరికరాలు విదేశీ మారకద్రవ్యం పెడితే తప్ప రావు. చెడిపోతే విడిభాగాల కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. కొలిచే సాధనం పరాయివారి చేతిలో ఉంటే మన పనుల వేగాన్ని వారే నిర్ణయిస్తారు. రావుగారి నాయకత్వంలో ఎలక్ట్రానిక్స్ బృందం ఈ పరిస్థితికి ఎదురు నిలిచింది. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలైంది. దాని ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. నియంత్రణ పరికరాలు మాత్రం మనవాళ్ళే చేశారు.

1962 చైనా యుద్ధం దేశానికి మరో పాఠం నేర్పింది. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. అందులో విక్రమ్ సారాభాయితో పాటు ఇద్దరు తెలుగువారున్నారు. ఒకరు సూరి భగవంతం గారు, రెండవవారు రావుగారు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా అస్తమించారు. ఆ లోటు మధ్యనే 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. అవతరించింది. దాని సారథ్యం రావుగారు వహించారు. 1969లో అక్కడ టి.డి.సి.-12 కంప్యూటరు తయారైంది. రియాక్టరు నియంత్రణ పరికరాలు, ఆసిలోస్కోపులు, టీవీలు అక్కడినుంచి వచ్చాయి.

ఈ శ్రమ విలువ 1974లో తెలిసివచ్చింది. పోఖ్రాన్ పరీక్ష తరువాత కెనడా అణుసహకారాన్ని నిలిపివేసింది. రాజస్థాన్‌లోని రెండవ రియాక్టరు సగంలో ఆగిపోతుందేమోనన్న భయం కలిగింది. ఆలస్యమైనా మన ఇంజనీర్లే దానిని పూర్తిచేశారు. 1981లో అది వాణిజ్యస్థాయిలో విద్యుత్ ఉత్పత్తి మొదలుపెట్టింది. సొంత పరికరాలు, వాటిని నడపగల సొంత మనుషులు ముందే సిద్ధమై ఉండకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

రావుగారిని 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వరించాయి. 2003 అక్టోబరు 31న ఆయన కన్నుమూశారు. ఇ.సి.ఐ.ఎల్. సమీపంలోని ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరును నిలుపుతోంది. హైదరాబాదులో ఉన్న మన పిల్లలలో ఎందరో రోజూ ఆ పేరున్న బస్సెక్కి వెళుతుంటారు. ఈసారి వారు సెలవులకు వచ్చినప్పుడు ఆ రావుగారు ఎవరో వారికి చెప్పండి. సరిగా కొలవడం నేర్చిన జాతి ఎవరిముందూ చేయి చాచనవసరం లేదని కూడా చెప్పండి.