మన్యపు మట్టి - మన రామరాజు

అల్లూరి సీతారామరాజు పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆయన సాహసగాథలు బుర్రకథల్లో విన్నాం, సినిమాల్లో చూశాం. అయితే హుకుంపేట మండలంలో ఒక కొండపల్లెలో పుట్టి ఈ కళాశాలకు చదువుకోవడానికి వచ్చిన నాకు, ఆ మహావీరుని జీవితంలో ఇంకో సంగతి పెద్దదిగా కనిపిస్తుంది. ఆయన పోరాటానికి మూలం మా కొండవాలు మీది పోడు చేను.

రామరాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, మాతామహుల ఇంట జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదువు మీద కన్నా దేశాటన మీద, ఆధ్యాత్మిక చింతన మీద మనసు ఎక్కువ. తిరిగి తిరిగి చివరకు మన్యం చేరి, కృష్ణదేవిపేట ప్రాంతంలో స్థిరపడ్డాడు. కొండజనానికి మందులిచ్చాడు. తాగుడు మానమన్నాడు. తగాదాలు కోర్టులకెక్కకుండా పంచాయతీలో తీర్చుకోమన్నాడు.

అప్పటికి మన్యం ఎలా ఉండేది? తరతరాలుగా గిరిజనులు కొండవాలు కొంత నరికి, కాల్చి, ఆ బూడిదలో సామలు, చోళ్లు, కందులు చల్లేవారు. రెండు మూడేళ్లు పండించి ఆ చోటు వదిలేసేవారు. మోళ్లు మళ్లీ చిగిర్చేవి, వేళ్లు మట్టిని పట్టి ఉంచేవి. అడవి విశాలంగా ఉన్నంతకాలం ఈ పద్ధతి సాగింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వులయ్యాయి. పోడుకీ, పశువుల మేతకీ, వంటచెరకుకీ ఆంక్షలే. మిగిలిన కాస్త చోటునే మళ్లీ మళ్లీ కొడితే, కోలుకోవడానికి నేలకు వ్యవధి ఏదీ? వానకి మట్టి గెడ్డల్లోకి కొట్టుకుపోతుంది. అడవిని కాపాడతామన్న చట్టం, అడవిని కాపాడుకోవలసిన మనిషినే దొంగను చేసింది. దీనికి తోడు చింతపల్లి వైపు రోడ్డు పనుల్లో చాలీచాలని కూలికి వెట్టి చాకిరీ.

రామరాజు మీద అనుమానం వచ్చి ప్రభుత్వం నిఘా పెట్టింది. పైడిపుట్టలో సాగుభూమి కూడా ఇచ్చింది. ఆ భూమి దున్నుకుంటూ హాయిగా బతకవచ్చు. కానీ తన ఒక్కడి చేను చూసుకుని ఊరుకునే మనిషి కాడాయన. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి వారిని కలుపుకుని 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయాడు. అదే సెప్టెంబరులో దామనపల్లి కనుమలో ఇద్దరు ఇంగ్లీషు అధికారులు హతులయ్యారు. మలబారు పోలీసు, అస్సాం రైఫిల్స్ దిగినా దాదాపు రెండేళ్లు ఉద్యమం నిలిచింది. 1924 మే 7న కొయ్యూరులో ఆయనను చెట్టుకు కట్టి కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటందొర కూడా ఆ ఏడాదే నేలకొరిగాడు. అండమాను జైలు చూసిన మల్లుదొర, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. సంతోషమే. కానీ పేరుతో పని అయిపోయిందా? పోడు వల్ల కొండలు బోడులవుతున్నాయంటారు. జనం పెరిగిన ఈ రోజుల్లో ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే రేపు ఎవరో వచ్చి వెళ్లగొడతారేమోనన్న భయం ఉన్నవాడు వాలుకి అడ్డంగా రాతిగట్టు ఎందుకు వేస్తాడు? నాలుగైదేళ్లకు గాని కాపుకి రాని కాఫీ మొక్క ఎందుకు నాటతాడు? పట్టా చేతికొస్తే గట్టు వేస్తాడు, నీడకు చెట్లు పెంచుతాడు, మిరియం తీగ పాకిస్తాడు. ఆ చెట్ల కిందే గెడ్డకు నీరు ఊరుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకున్నది ఈ హక్కునే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది.

విద్యార్థి మిత్రులారా! విగ్రహానికి దండ వేయడం ఒక్కరోజు పని. సెలవులకు ఊరెళ్లినప్పుడు హక్కు పత్రానికి అర్జీ రాసిపెట్టడం, గ్రామసభలో చట్టం చదివి వినిపించడం, గెడ్డ ఒడ్డున నాలుగు మొక్కలు నాటడం మన చేతిలో పనులు. మన్యం వీరునికి అంతకు మించిన నివాళి నాకైతే తోచడం లేదు.