డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావు గారు

ఒకరి కాలేయమును మరియొకరి శరీరమున నమర్చినచో, ఆ శరీరము దానిని పరాయిదిగా నెంచి పోరు సలుపును. రక్తమందలి తెల్లకణములు ఇంటర్‌ల్యూకినులు మొదలగు సంకేత ద్రవ్యములచే హెచ్చరింపబడి, త్వరత్వరగా విభజన మొంది, క్రొత్త కాలేయముపై దాడి వెడలును. అమెరికాలో డాక్టరు స్టార్జల్ 1963లో ఈ చికిత్సను మొదట యత్నించెను. 1967లోగాని రోగి యేడాదికి మించి జీవింపలేదు. కణముల విభజనము నరికట్టు ఔషధముల చరిత్రలో మన తెలుగువారి పేరొకటి కలదు. వారి జీవితమును మేమిచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున చదువుపై మనసు నిలువక, కాశిలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మదలచి యిల్లు విడువగా పెద్దలు మరల తెచ్చిరి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి మూడవమారు మదరాసున నుత్తీర్ణులైరి. (తప్పిన విద్యార్థులు దీనిని సాకుగా గొనరాదని మా మనవి.) వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులగుటచే ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను.

ఆ కాలముననే స్ప్రూ యను సంగ్రహణి వ్యాధి వారి సోదరుల నిరువురను కొలది దినముల యెడమున బలిగొనెను. వైద్యము చదివిన తమ్ముడుండియు అన్న మృతినొందుట వారి మనస్సున చెరగని గాయమయ్యెను.

కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి తోడ్పాటుతో వారు అమెరికా చేరిరి. బోస్టను ఆసుపత్రిలో రాత్రులు రోగుల మలమూత్ర పాత్రలెత్తి పొట్ట పోసికొనుచు హార్వర్డున చదివిరి. ఫిస్కె గారితో కూడి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఏటీపీని 1929లో వెల్లడించిరి. 1940లో లెడర్లీ సంస్థ పరిశోధనాలయమున చేరిరి. పశువుల కాలేయమున నుండు, రక్తవృద్ధి కావశ్యకమగు ఫోలిక్ ఆమ్లమును వారి సహచరులు వేరుపరచి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను చంపిన స్ప్రూకు అదియే మందయ్యెను!

ఫోలిక్ ఆమ్లము లేనిదే కణము విభజన మొందదు. కావున దానిని పోలి, దాని పనిని చెఱచు ద్రవ్యమును అదే పరిశోధనాలయమున సిద్ధపరచిరి. అమినోప్టెరిన్ అను అట్టి ద్రవ్యమును డాక్టరు ఫార్బరు రక్తకేన్సరుగల 16 మంది శిశువులకీయగా 10 మందికి గుణము కనబడినట్లు 1948లో ప్రకటించెను. దాని సోదరియగు మెథోట్రెక్సేటు పిమ్మట మూలుగ మార్పిడిలో దాతకణముల దాడి నడ్డుటకు వాడబడెను. కాలేయ మార్పిడిలో మాత్రము ఇంటర్‌ల్యూకిన్ సంకేతమునే యాపు టాక్రొలిమస్ మొదలగునవి ముఖ్యములు. ఏలయన మెథోట్రెక్సేటు కాలేయమునే బాధింపవచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో కీళ్లవాతమునకు వారమున కొకసారి యిచ్చు మాత్ర యిదియే. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము గనుక వైద్యుని చీటీని జాగ్రత్తగా చదువవలయును.

ఈ ఫలముల నెల్ల వారు చూడలేదు. స్వదేశమునకు తిరిగి రాకయే, భార్య నెడబాసియుండి, 1948 ఆగస్టులో అమెరికాలో నిద్రలో మృతినొందిరి. మన తపాలాశాఖ వారి స్మృత్యర్థము 1995లో బిళ్లను వెలువరించెను.