వజీఫా విలువ తెలిసిన విద్వాంసుడు: డాక్టర్ రాల్ఫ్ బంచ్

ఐక్యరాజ్యసమితి చరిత్రను చదువు విద్యార్థులకు డాక్టర్ రాల్ఫ్ బంచ్ పేరు తప్పక తారసపడుతుంది. 1950వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతిని పొందిన విద్వాంసుడాయన. నోబెల్ బహుమతులలో దేనినైనా అందుకున్న మొదటి నల్లజాతీయుడు కూడ ఆయనే. అయితే ఆయన కీర్తిని వర్ణించుట మాత్రమే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము కాదు. బీదరికములో పెరిగిన ఒక విద్యార్థి ఇతరుల ధనసహాయముతో ఏ విధముగా డాక్టరేటు పట్టమును సాధించారో, ఆ సహాయమును ఏ విధముగా సార్థకము చేశారో మన విద్యార్థుల ముందుంచవలెనని మేము తలచినాము.

బంచ్ 1903 ఆగస్టు 7న అమెరికాలోని డెట్రాయిట్ నగరములో జన్మించారు. తండ్రి క్షురకవృత్తితో కుటుంబమును పోషించేవారు. తల్లి అనారోగ్యము కారణముగా ఆ కుటుంబము పొడి గాలి గల న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బుకెర్కీ పట్టణమునకు తరలినది. 1917లో తల్లి అక్కడే కన్నుమూశారు. తండ్రి కుటుంబమునకు దూరమయ్యారు. అప్పుడు అమ్మమ్మ లూసీ టేలర్ జాన్సన్ పిల్లల భారమును తనపై వేసుకొని లాస్ ఏంజిలిస్ నగరమునకు తీసుకొని వచ్చారు.

నల్లజాతి బాలురకు చేతిపనులు నేర్పితే చాలునని పాఠశాలలవారు భావించే కాలమది. బంచ్‌ను కూడ అట్టి తరగతులలోనే చేర్చారు. అమ్మమ్మ ఇందుకు సమ్మతింపలేదు. తన మనుమడు కళాశాలకు వెళ్ళవలసినవాడని, అందుకు తగిన చదువే చెప్పవలెనని పట్టుబట్టి సాధించారు. 1922లో బంచ్ జెఫర్సన్ ఉన్నత పాఠశాలలో ప్రథముడుగా ఉత్తీర్ణులయ్యారు. అయినను, వర్ణభేదము వలన ఆ నగరపు ఉత్తమ విద్యార్థుల సంఘములో ఆయనకు స్థానము లభింపలేదు. ఈ అవమానము ఆయనను బాధించినదే గాని, చదువునుండి మరలింపలేకపోయినది.

తరువాత ఆయన లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చేరారు. క్రీడలలో చూపిన ప్రతిభకు లభించిన వేతనమునకు తోడు, విశ్వవిద్యాలయ భవనములను ఊడ్చి శుభ్రపరచు పని చేసి ఖర్చులు గడుపుకున్నారు. అంతర్జాతీయ సంబంధములను ప్రధాన పాఠ్యాంశముగా అభ్యసించి, 1927లో తన తరగతికి అగ్రగణ్యుడుగా పట్టభద్రులయ్యారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయము ఉపకార వేతనమును మంజూరు చేసినది. కాని రాజశాస్త్రము చదువుటకు దేశము ఈ చివరినుండి ఆ చివరకు వెళ్ళవలెను. అక్కడ బ్రతుకుటకు సొమ్ము కావలెను. అప్పుడు లాస్ ఏంజిలిస్‌లోని నల్లజాతి ప్రజలు తమలో తాము చందాలు వేసుకొని వేయి డాలర్లు సమకూర్చారు. చందా ఇచ్చినవారిలో తాము కళాశాల గడప తొక్కని వారెందరో ఉండి ఉందురు. తమ బిడ్డలలో ఒకడు హార్వర్డ్‌లో చదువవలెనను కోరికయే వారిచేత ఆ పని చేయించినది.

1928లో ఎం.ఏ. పూర్తి కాగానే బంచ్ వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయములో అధ్యాపకులుగా చేరారు. ఆరు సంవత్సరములపాటు ఒకవైపు బోధన, మరొకవైపు హార్వర్డ్‌లో డాక్టరేటు కృషి సాగించారు. పరిశోధనకు దూరదేశములకు పోవుటకు అధ్యాపకుని జీతము చాలదు. 1932-33లో రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చిన ఫెలోషిప్ ఆ లోటును తీర్చినది.

ఆయన ఎన్నుకున్న ప్రశ్నను మన విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. పశ్చిమ ఆఫ్రికాలో టోగోలాండ్, దహోమీ అను రెండు ప్రాంతములు ఇరుగుపొరుగున ఉన్నవి. దహోమీ ఫ్రాన్సు యొక్క వలస రాజ్యము. నేటి బెనిన్ దేశమే అది. టోగోలాండ్ మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు జర్మనీ పాలనలో ఉండెడిది. యుద్ధానంతరము అందులో ఒక భాగము నానాజాతి సమితి పర్యవేక్షణకు లోబడి ఫ్రాన్సుకు అప్పగింపబడినది. పాలకులు ఒక్కరే, సమితి పర్యవేక్షణ మాత్రము ఒకచోట ఉన్నది, మరొకచోట లేదు. ఆ పర్యవేక్షణ వలన సామాన్య ప్రజల బ్రతుకులో ఏమైనా మార్పు కలిగినదా అన్నదే ఆయన ప్రశ్న. ఆయన పారిస్‌లోని పత్రములను పరిశీలించి, స్వయముగా ఆఫ్రికాకు వెళ్ళి చూచారు. కాగితము మీద ఉన్నంత భేదము పాలనలో కనిపింపలేదని తేల్చారు. 1934లో డాక్టరేటు పొందారు. అమెరికాలో రాజశాస్త్రమున ఆ పట్టము పొందిన మొదటి నల్లజాతీయుడాయన. ఆయన సిద్ధాంత వ్యాసమునకు హార్వర్డ్ వారి టాపన్ బహుమతి కూడ లభించినది.

1936 నుండి 1938 వరకు మరొక ఫెలోషిప్‌తో ఆయన నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములోను, లండన్, కేప్‌టౌన్ నగరములలోని విద్యాసంస్థలలోను మానవశాస్త్రమును అభ్యసించారు. వలస పాలన గురించి సంపాదించిన ఆ జ్ఞానమే 1945లో ఐక్యరాజ్యసమితి నిబంధనావళి రూపొందునపుడు అక్కరకు వచ్చినది. పరాధీన ప్రాంతముల ప్రజలకు సంబంధించిన అధ్యాయముల రచనలో ఆయన కృషి విశేషమైనది. అనంతరము సమితిలో ధర్మకర్తృత్వ విభాగమునకు అధిపతి అయ్యారు.

1948 సెప్టెంబరులో పాలస్తీనా మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్ జెరూసలేములో హత్యకు గురికాగా ఆ బాధ్యత బంచ్‌పై పడినది. 1949లో రోడ్స్ ద్వీపమున ఆరంభమైన చర్చలను ఆయన ఓర్పుతో నడిపారు. ఇజ్రాయెల్‌తో ఈజిప్టు, లెబనాన్, జోర్డాన్, సిరియా దేశములు ఆ సంవత్సరము ఫిబ్రవరి, జూలై నెలల మధ్య వేరువేరుగా యుద్ధవిరామ ఒప్పందములు చేసుకున్నవి. అవి తుపాకుల మ్రోతను ఆపినవే గాని, నిర్వాసితులైన పాలస్తీనీయుల దుఃఖమును తీర్చలేదన్నది కూడ చరిత్ర చెప్పు సత్యమే. అటుపిమ్మట సూయజ్, కాంగో, సైప్రస్ సమస్యలలో సమితి తరఫున పనిచేసి, 1971 డిసెంబరు 9న న్యూయార్క్‌లో ఆయన తనువు చాలించారు.

ఉపకార వేతనము అను మాటలో ఉపకారమొకటి, వేతనమొకటి ఉన్నవి. మనవారు మొదటి మాటనే విని, అది దానమేమో, చేయి చాపవలెనేమో అని వెనుదీయుట మేము చూచుచున్నాము. ఉర్దూలోని వజీఫా అను పదము మరింత స్పష్టమైనది. ఆ పదమునకు వేతనమన్న అర్థమే గాక, నియమముగా నెరవేర్చు కర్తవ్యమన్న అర్థము కూడ ఉన్నది. బంచ్ జీవితము ఈ రెండవ అర్థమునకు నిదర్శనము. ఆయన తన బీదరికమును చూపి ఫెలోషిప్ పొందలేదు. ఒక స్పష్టమైన ప్రశ్నను చూపి, దానికి సమాధానము తెచ్చుటకు బాధ్యత వహించి పొందారు.

మన దేశములో అంతర్జాతీయ సంబంధములలో పరిశోధనకు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములోని అంతర్జాతీయ అధ్యయనముల విభాగము ప్రసిద్ధమైనది. 1955లో స్థాపితమైన ఒక ప్రత్యేక సంస్థ నుండి అది ఆవిర్భవించినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి నెట్ పరీక్ష ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందవచ్చును. అల్పసంఖ్యాక వర్గముల పరిశోధకులకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2022-23 నుండి నిలిపివేయబడినది. ఒక ద్వారము మూసుకొన్నప్పుడు మిగిలిన ద్వారముల వద్ద మరింత సిద్ధముగా నిలువవలెను. దరఖాస్తు వ్రాయు విద్యార్థి మూడు సంగతులు ఆలోచించుకొనవలెను: నా ప్రశ్న ఏమిటి? దానిని పరీక్షించుటకు ఏ ప్రాంతమునకు, ఏ పత్రముల వద్దకు పోవలెను? అందుకు తగిన భాష నాకు వచ్చునా? ఉర్దూ, తెలుగు, ఆంగ్లము వచ్చిన మన విద్యార్థికి మూడవ ప్రశ్న కడ భయము అక్కరలేదు. అరబ్బీయో పారసీకమో కూడ నేర్చినవారికి పశ్చిమాసియా అధ్యయనము చేరువగా ఉన్నది.

కళాశాల పాలకవర్గమువారికి కూడ మా విన్నపమొకటి. దరఖాస్తు రుసుము, ప్రయాణపు ఖర్చు చాలక ఆగిపోవు విద్యార్థుల కొరకు ఒక చిన్న నిధిని ఏర్పరచవలెను. బంచ్‌ను హార్వర్డ్‌కు చేర్చిన వేయి డాలర్లు ధనవంతుడొక్కడు ఇచ్చినవి కావు. సామాన్యులు కలసి కూర్చినవి. మన పట్టణములో అటువంటి సామాన్యులకు కొదువ లేదు. వారి వద్దకు వెళ్ళి అడుగువారే కావలెను.